అవ్వ పట్టుకుంటే ఆరిపోయే రవిక

ఆ రోజుల్లో కరెంటు లేని వస్తువు ఏది కనబడినా నాకు జాలేసేది. కడప పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నానన్న గర్వం ఒకటి, నేతగాళ్ల ఇంట పుట్టానన్న గర్వం ఇంకొకటి. రెండూ కలిసి మా అక్క నిశ్చితార్థపు రవిక మీద పడ్డాయి. వీపు మీద మల్లెతీగ కుట్టి, పువ్వుకో చిన్న బల్బు పెట్టి, తీగ వెంబడి కరెంటు పారే దారాలు రెండు నడిపించి, నడుము దగ్గర బిళ్ల బ్యాటరీ దాచాను. ఆ రెండు దారాలూ ఒకదానికొకటి తగిలితే మాత్రం బల్బులన్నీ ఆరిపోతాయి. ఆ మాట చెబితే అవ్వ మగ్గం మీద నుంచే, "అత్తాకోడళ్ల మాదిరన్నమాట! దూరంగా ఉంటేనే ఇంట్లో ఎలుగు" అంది.

అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది అవ్వే. అక్క మాత్రం, "నా నిశ్చితార్థంలో నీ ప్రయోగాలేందే? నలుగుర్లో నగుబాటైతే?" అంది. "పూచీ నాది" అన్నాను. (ఆ వయసులో పూచీలకేం కొదవ!)

సందెవేళకు కోడుమూరు నుంచి పెళ్లికొడుకు వాళ్లు దిగారు. అక్క అందరి మధ్య నుంచి నడిచి వస్తుంటే వీపు మీద మల్లెలు వెలిగాయి. "శానా బాగుండాదే!" అన్నారందరూ. నేను కాలర్ లేకపోయినా ఎగరేశాను. అంతలో అవ్వ తన పెళ్లిచీర కట్టుకుని వచ్చి, కళ్లనీళ్లతో, పైటచెంగుతో సహా అక్క వీపు చుట్టూ చేతులు వేసింది. మల్లెలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

"అయ్యో, దీపాలారిపాయ కదమ్మా! శకునం బాగలేదే" అంది పెళ్లికొడుకు మేనత్త. తాంబూలం పళ్లెం అందుకోబోతున్న పెళ్లికొడుకు నాయన చేయి ఆగిపోయింది. అక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ నేను మరిచిపోలేదు.

అవ్వ బెదిరి వెనక్కి జరిగింది. వెలిగాయి. మళ్లీ పట్టుకుంది. ఆరాయి. "అవ్వా, నీ చీర! వెండి జరీ!" అని అరిచాను. ఆ కాలపు అసలు జరీ నా రెండు దారాలనూ కలిపేస్తోంది. ఆ దారాల మీద అస్తరు గుడ్డ ఒకటి కుట్టి ఉంటే ఈ తంటా లేకపోయేది.

అవ్వ మేనత్త వైపు తిరిగింది. "శకునమేలేమ్మా. నేను పట్టుకుంటే ఆరిపోతాండాయి, ఇడిసిపెడితే ఎలగతాండాయి. నా బిడ్డను ఇంక ఇడిసిపెట్టమని దీపాలే చెప్తాండాయి. తీసుకోండి."

ముందుగా ఏడ్చింది ఆ మేనత్తే. "ఎంత మాట పెద్దమ్మా! నువ్వెప్పుడొచ్చి పట్టుకున్నా మేం కాదనం" అంటూ పళ్లెం తానే పెళ్లికొడుకు నాయన చేతికి అందించింది. తాంబూలాలు మారాయి. ఆ సాయంత్రమంతా అవ్వ, దీపాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానంటూ అక్కను పట్టుకుంటూనే ఉంది.

అవ్వ ఇప్పుడు లేదు. చీర నాకొచ్చింది. మొన్న నా కూతురి బడి పండగకు వెలిగే గౌను కుట్టాను. ఇన్నేళ్ల అనుభవం, అస్తరు వేయడం ఇప్పుడు బాగా వచ్చు. అయినా వీపు మీద జానెడు మేర వేయలేదు. స్టేజీ ఎక్కబోయే ముందు, అవ్వ చీరలో ఉన్న నేను పాపను దగ్గరికి తీసుకున్నాను.

"ఇడువుమ్మా, లైట్లు ఆరిపోతాండాయి!"

"ఇడుస్తాలే పాపా, ఒక్క నిమిషం" అన్నాను, అచ్చం అవ్వలాగే.