పేరు చెప్పని ప్రార్థన

ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాను. మందిరంలో అందరి కళ్ళూ మూసి ఉన్నాయి, ఒక్కరివి తప్ప. గిటారు ఒళ్ళో పెట్టుకుని చికొండి నన్నే చూస్తున్నాడు. అప్పుడైనా ఆగి ఉండవచ్చు. ఆగలేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకొక వాక్యం చేర్చాను.

ఆ వాక్యాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే మీరెవరో నాకు తెలియదు కనుక. పేరు లేకుండా రాస్తున్నాను. అది నాకు అలవాటైన పనే. ఎంత అలవాటో మీకే తెలుస్తుంది.

అప్పట్లో నేను విజయనగరంలో ఒక దినపత్రికకు విలేకరిని. శుక్రవారం సాయంత్రాలు మాత్రం స్టేషను దగ్గర ఒక మేడ గదిలో కాలేజీ పిల్లల ప్రార్థన కూటం నడిపేవాణ్ణి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రోజూ రైల్లో వచ్చి పోయేవాళ్ళు. నెల్లిమర్ల, పొందూరు, నౌపడ, ఆ వైపు ఊళ్ళు. పలాస పాసింజరు వేళయిందంటే ఆమేన్ సగంలో ఉండగానే చెప్పులు వెతుక్కునేవారు. అందరూ వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలేది చికొండి ఒక్కడే. మలావీ దేశం నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చాడు. తండ్రి అక్కడ పాస్టరు.

అతనికి గది వెతకడానికి నేనే వీధి వీధీ తిప్పాను. ఇంటివాళ్ళు నాతో నవ్వుతూ మాట్లాడి, అతని ముఖం చూశాక గది నిన్ననే ఇచ్చేశామనేవారు. చివరకు మా చర్చి సంఘ పెద్ద జ్ఞానరత్నం గారు నా మాట మీద తమ మేడ మీది గది ఇచ్చారు. ఆ మేలు నేను చేసిందే. దాన్ని తలుచుకుని గర్వపడేవాణ్ణి కూడా.

చికొండి తెలుగును రైలు పిల్లల దగ్గర నేర్చుకున్నాడు. అందుకే అచ్చం వాళ్ళలాగే మాట్లాడేవాడు. నౌపడ పిల్ల సునీత ప్లాట్‌ఫారం మీద అతన్ని ఆట పట్టించేది.

"ఒరే సికోండీ, మా ఊరు రారా. ఉప్పు మడులు సూపిస్తాను."

"ఉప్పు నాకేటికే? సేప ఉంటే సెప్పు."

పిల్లలు పడీ పడీ నవ్వేవారు. అతను గిటారు పట్టుకుంటే గది నిండిపోయేది. అతను రాని శుక్రవారం సగం గది ఖాళీ. వారమంతా తయారై వచ్చి నేను బైబిలు వాక్యం చెబుతుంటే, వాళ్ళ చూపులు గోడ గడియారం మీద ఉండేవి. నేను చూశాను. చూడనట్టు నటించాను. మనిషికి ఇంతకంటే చిన్న బాధ ఉంటుందా? కానీ అదే నన్ను లోపల తినేసింది.

ఒక శుక్రవారం బండి వెళ్ళిపోయాక అతను ప్లాట్‌ఫారం బెంచీ మీద నుంచి లేవలేదు. నేనూ కూర్చున్నాను.

"అన్నా, ఒక మాట సెప్తాను. ఎవులికీ సెప్పకు."

"సెప్పు తమ్ముడూ."

"నాకు నమ్మకం పోనాది. పాట పాడతన్నాను గాని, లోపల ఏటీ లేదు."

"మరి ఎందుకు వస్తన్నావు?"

"వీళ్ళ కోసం. శుక్రవారం తీసేస్తే ఈ ఊర్లో నాకేటుంది? బండి ఎల్లిపోతే మాటాడేవోడు లేడు. మా నాన్నకి తెలిస్తే సదువు మాన్పించేస్తాడు. పెద్దాయనకి తెలిస్తే గది పోద్ది. నీకే సెప్పాను."

"నాలోనే ఉంటాది," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. అది మీరు నమ్మాలి. నమ్మకపోయినా తప్పు పట్టను.

ఇంటికి నడుస్తుండగా నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. నమ్మకం లేనివాడి చుట్టూ పిల్లలు చేరుతున్నారు, నమ్మినవాడు చెబుతుంటే ఆవులిస్తున్నారు. ఆ కోపానికి ఆత్మభారం అని, అంటే దారి తప్పినవాడి ఆత్మ కోసం పడే వేదన అని, పేరు పెట్టుకున్నాను. మా సంఘాల్లో ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు.

మరుసటి శనివారం సంఘ మందిరంలో ఉపవాస ప్రార్థన. పెద్దలూ విద్యార్థులూ కలిసి కూర్చున్నారు. నా వంతు వచ్చింది. "ప్రభువా, దూరదేశం నుంచి వచ్చి, నీ పాటలు పాడుతూ, నిన్ను నమ్మని ఒక సహోదరుణ్ని నీ చేతికి అప్పగిస్తున్నాను" అన్నాను.

పేరు చెప్పలేదు. పేరు రాయకుండా, ఎవరి గురించో ఊరంతటికీ తెలిసేలా రాయడం మా వృత్తిలో తొందరగా వంటబట్టే విద్య. పేరు రాస్తే పరువునష్టం దావా. రాయకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఇక ప్రార్థనలో ఆ భయమూ లేదు. మాట దేవుడితో కదా. పక్కవాడి గురించి వీధిలో చెబితే చాడీ, మోకాళ్ళ మీద చెబితే విజ్ఞాపన. పత్రికలో నాకు వార్త చెప్పిన మనిషి పేరు నేను ఎన్నడూ, ఎవరు బెదిరించినా బయటపెట్టలేదు. నన్ను నమ్మి చెప్పినవాణ్ణి దేవుడి మందిరంలో, పేరెత్తకుండానే, బయటపెట్టాను.

నేను కళ్ళు తెరిచింది ఆ మాట అన్నాకే. అతను నన్ను చూసింది అప్పుడే. నేను చేర్చిన వాక్యం ఇది: "అతని పాటకు మోసపోకుండా మా పిల్లలను కాపాడు."

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది జ్ఞానరత్నం గారే. ఆయన చెడ్డవారు కాదు. ప్రార్థనలో విన్నది నిజమని నమ్మారు, అంతే. ఆ వారంలోనే గది ఖాళీ చేయమన్నారు. అతని మంచికే అనుకుని, తెలిసినవాళ్ళ ద్వారా తండ్రికి కబురు పెట్టారు. నా మాట మీద దొరికిన గది నా మాట మీదే పోయింది. ఆఖరి పరీక్షలకు ముందే చికొండి వెళ్ళిపోయాడు. వెళ్ళేలోగా నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అడిగింది సునీత. కూటం జరిగే మేడ మెట్ల మీద నన్ను ఆపింది.

"దేవుడికి ఇనపడదనా అన్నా, అంత గట్టిగా సెప్పినావు?"

ఆమె మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

చికొండి పాత నంబరుకు చాలాసార్లు రాశాను. చేరుతున్నాయో లేదో తెలియదు. అవి క్షమాపణలని కూడా అనలేను. "ఎలా ఉన్నావు తమ్ముడూ" అని మాత్రమే ఉంటుంది వాటిలో. అసలు సంగతి రాసింది ఇప్పుడే, ఇక్కడే. గుండె కొంచెం తేలికపడింది. దానికి నేను అర్హుణ్ణి కానని కూడా తెలుసు.

కూటం ఇంకా నడుస్తోంది. నేను వదిలేసి చాలా కాలమైంది. ఈమధ్య ఒక శుక్రవారం వెళ్ళి వెనక కూర్చున్నాను. పుట్టి పెరిగిందంతా నెల్లిమర్లలోనేనని చెప్పిన ఒక కొత్త పిల్ల, చికొండిని ఎన్నడూ చూడనిది, దారి తప్పిన సహోదరుడి కోసం ప్రార్థించింది. దూరదేశం నుంచి వచ్చి, నీ పాటలు పాడుతూ, అంటూ మొదలుపెట్టింది. మాటలన్నీ నావే, ఇన్నేళ్ళుగా ఆ కూటంలో నోటి నుంచి నోటికి పాకి వచ్చినవి; వరుస కూడా తప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు. పాసింజరు వేళయింది, చెప్పులు వెతుక్కుంటూ దిగిపోయారు. అతను చదువు పూర్తి చేశాడో లేదో, ఏ ఊళ్ళో ఉన్నాడో ఆ గదిలో ఎవరికీ తెలియదు.