కళ్ళు మూసుకుని చేసిన కారు వైద్యం

నేను బడి మానేశానని మా ఊళ్ళో అనుకుంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. అలాంటి తలకాయతో దుబాయ్‌లోని సత్వాలో డాక్టరు వేషం కట్టాను. రోగి ఎవరంటారా? మా కఫీల్ గారి, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని గారి, పాత కారు. ఆ వైద్యం పాపం మల్లన్న ప్రాణం మీదికి ఎలా వచ్చిందో వినండి.

మల్లన్న మా గదిలోని తాపీమేస్త్రీ. తను దుబాయ్ వచ్చాక పుట్టిన కూతుర్ని మొదటిసారి చూడబోతున్నాడు. శుక్రవారం సాయంత్రం విమానం. కఫీల్ కారుకు డ్రైవర్ని నేనే కనుక, "ఎయిర్‌పోర్టుల నేను దింపుతా అన్నా" అని ముందే గొప్పలు పోయాను.

తీరా మధ్యాహ్నం బండి తీస్తే, ఉబ్బసం ముసలాయనలా దగ్గుతూ, నల్లటి పొగ కక్కుతూ వణికిపోతోంది.

"ఏమైందిరా లచ్చిగా?"

"జర ఆగు అన్నా, నాడి చూస్తున్న."

బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. షెడ్డులో మెకానిక్కులు అలా వింటుంటే చూశాను లెండి. వాళ్ళు కళ్ళు తెరిచే వింటారు. నేను వాళ్ళకంటే పెద్ద డాక్టర్ని కదా, కళ్ళు మూసుకున్నాను.

అక్కడే కొంప మునిగింది. ఆ డబడబ చెవిలోంచి మెల్లగా ఒళ్ళంతా పాకింది. ఎండలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఊరెళ్ళిపోయాను. పెంకుల మీద తొలకరి. చూరు నీళ్ళు. తడిసిన మక్కచేను వాసన. ఎక్కడో బర్రె మెడలో గంట...

"ఏం వినవడ్తుందిరా?"

"వాన వడ్తుందే అన్నా."

"దుబాయ్‌ల వానేందిరా! గీ ఫ్లైటు తప్పితే మళ్ళ సెలవెప్పుడిస్తడో కంపెనీ ముదీర్. యల్లా, జల్ది చెయ్! గట్లనే, నా బిడ్డకని డేరా బజార్ల కొన్న పూల తువ్వాల కనవడ్తలేదు. చూసినవా?"

"ఇక్కడ పేషెంటు సస్తుంటే తువ్వాల గోలేంది అన్నా! ప్లగ్గులు ఖరాబైనయ్."

ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించాను. దగ్గు తగ్గలేదు. మళ్ళీ స్క్రూడ్రైవర్, మళ్ళీ కళ్ళు మూత. ఈసారి వాగే పొంగింది.

ఇక లాభం లేదని మల్లన్న నన్ను పక్కకు నెట్టి తనే తొంగి చూశాడు. కళ్ళు తెరిచి చూశాడు మరి! ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి, మట్టిపెళ్ళలా గట్టిపడిన గుడ్డ ఒకటి బిగించి ఉంది. లాగి దులిపాడు. పువ్వులు రాలలేదు గానీ, కనబడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నిన్నటి ఇసుకగాలికి మేమంతా తువ్వాళ్ళు తడిపి ముక్కులకు కట్టుకున్నాం. పాపం, కారుకు మాత్రం ముక్కు లేదా అని, చేతికందినదేదో తడిపి కట్టింది నేనే. రోగి కోరింది గాలి, వైద్యుడిచ్చింది తువ్వాల!

గుడ్డ తీయగానే బండి గుండెనిండా ఊపిరి తీసుకుని వెన్నలా సాగింది. విమానం అందింది.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర చేతులు జోడించాను. "అన్నా, నేను తిన్న ఖుబ్బూస్ రొట్టె మీద ఒట్టు. బతికున్నన్ని దినాలు ఏ బండికీ ముక్కు మూయ. కళ్ళు మూసుకొని ఏ రోగమూ చూడ."

మల్లన్న ఆ నల్లబడిన తువ్వాలను మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"గీ మరకలేంది నాయినా అని నా బిడ్డ అడిగితే జెప్తలేరా," అన్నాడు. "మీ కాక దుబాయ్‌ల పెద్ద డాక్టరు బిడ్డా, కార్లకు ముక్కు తుడుస్తడని!"