మూరతో కొలిచి కొన్న ట్రాక్టరు

మా చిన్నప్పుడు... వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే నాన్న చేలోకి పోయి, నల్లమట్టిని గుప్పెట్లో పిసికి చూసేవాడు. చేతికి అంటుకుంటే ఇంకా పచ్చి... పొడిపొడిగా రాలితే పదును వచ్చినట్టు. ఆ పదును రెండు రోజులే ఉంటుంది. ఈలోపే దున్నాలి. దాటిందా... ఆ నేల రాయి అయిపోతుంది.

మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయిన ఏడు... ఊళ్ళో ట్రాక్టరు ఉన్నది ఒక్కరికే. నాకు వరసకు పెదనాన్న. నాన్న నా చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"నీ మూడెకరాల్లో బండి తిప్పుకోడానికే చోటు చాలదు గదరా! ముందు పెద్ద చేలు కానివ్వు... ఆఖర్న చూద్దాం" అన్నాడు.

నాలుగో రోజు వచ్చింది బండి. అప్పటికే పదును పోయింది. తలకాయలంత గడ్డలు లేచాయి. అమ్మ, నాన్న, నేను చెక్క సుత్తులు పుచ్చుకుని వారం రోజులు వాటిని పగలగొట్టాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి... అన్నం కలుపుకోలేకపోతే అమ్మే తినిపించింది. ఆ ఏడు మా పత్తి సగమే మొలిచింది.

తొమ్మిదేళ్ళ పిల్లకి అంత కసి ఉంటుందా అనకండి... ఉంటుంది. నాకుంది. ఎప్పటికైనా ఆ అరుగు ముందు నుంచి నా ట్రాక్టరు తోలాలి అనుకున్నాను.

నిరుడు ఆ రోజు వచ్చింది. అమ్మను వెంటబెట్టుకుని గుంటూరులో షోరూముకి వెళ్ళాను. నా కళ్ళన్నీ పెద్ద ఎర్ర బండి మీదే... పెదనాన్న బండి కంటే పెద్దది. దాని మోతకి వాళ్ళ అరుగు అదిరిపోవాలి! మూడెకరాలకి ఇదెందుకన్న మాటే నాకు తోచలేదు.

అమ్మ మాత్రం కుచ్చిళ్ళు ఎగదోపి, ముందుకు వంగి, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి మోచెయ్యి ఆనించి కొలిచింది... మల్లెపూలు కొలిచినట్టు.

"నాలుగు మూరలుందే ఇది! మన పత్తి సాళ్ళ మధ్య రెండు మూరల మీద జానెడు. మొక్క లేచాక ఇది చేలోకి ఎట్టా దిగుద్దే? మీ పెదనాన్న బండి దిగుతోందా ఏంటి?"

నిజమే... ఆయన బండి దున్నడం వరకే. సాళ్ళ మధ్య కలుపు తియ్యడానికి ఆయనా పక్క ఊరి నుంచి ఎడ్లను తెప్పించుకునేవాడు. ఇప్పుడు ఆ ఎడ్లు కూడా లేవు.

రెండు మూరల వెడల్పున్న మినీ ట్రాక్టరు కొన్నాను. వెనక తగిలించడానికి మట్టి పొడిచేసే రోటవేటరు, బరువులు మోసే ట్రక్కు అంటూ షోరూము ఆయన ఏవేవో చూపించాడు. అమ్మ దున్నడానికీ కలుపు తియ్యడానికీ ఒక గొర్రు, పత్తికి మందు కొట్టే పంపు చాలంది. "మిగతావి జనానికి చూపించుకోడానికే గదయ్యా" అంది ఆయనతో.

ఈ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. కలుపు పత్తిని మించి లేచింది. కూలీలు దొరకలేదు. ముసురు వదిలి పదును రాగానే... పెదనాన్న చేతికర్రతో మా గేటు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్... నీ చిన్న బండి ఒకసారి మా చేలో తిప్పాలే. పదును పోద్ది."

కుర్చీ వేశాను. కాఫీ ఇచ్చాను. "చిన్న చేలన్నీ కానివ్వండి పెదనాన్నా. ఆఖర్న మీదే" అన్నాను.

ఆయన వెళ్ళాక నాన్న అన్నాడు... "ముందు ఆయన చేలోనే తోలెయ్యవే. నేనెప్పుడో మర్చిపోయా."

"నువ్వు మర్చిపోయావు నాన్నా. నేను మర్చిపోలా!"

ఎకరం, అరెకరం వాళ్ళ చేలన్నీ తోలి, నాలుగో రోజు ఆయన చేలో దిగాను. గొర్రు దిగదే! గడ్డలు పెళ్ళగిలి, వాటితో పత్తి మొక్కలూ వేళ్ళతో సహా లేచొచ్చాయి. గట్టు మీద నిలబడి ఆయన చేతికర్రతో ఒక గడ్డని పొడిచి చూశాడు. నాకు తృప్తిగా ఉంది... అబద్ధమెందుకు, చాలా తృప్తిగా ఉంది.

నా చిన్నప్పుడు చేలోకి అమ్మ, నాన్న, నేను కలిసే నడిచి వెళ్ళేవాళ్ళం... బండి వచ్చాక నాన్న రోజూ నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని వచ్చేవాడు. ఆ రోజు నుంచి ఎక్కడం లేదు. ఎండలో ఒక్కడే నడిచిపోతున్నాడు. పిలిచినా ఆగడు.

పాపం ముసలాయన అని కామెంట్ పెట్టబోయేవాళ్ళు కాస్త ఆగండి... మిమ్మల్ని అలా ఆఖర్న నిలబెట్టింది ఎవరో ముందు రాయండి. పేరొద్దు... వరస చెప్పండి చాలు.