అంకమ్మరావు బాగుచేసిన గద

పగుళ్లను కప్పెట్టడమే బాగుచేయడం అనుకునేవాళ్లలో పొన్నూరు అంకమ్మరావును మించినవాణ్ని నేను చూడలేదు. చూడాలనీ లేదు. ఆ ఒక్కడితోనే నాకు సరిపోయింది.

మా వైపు పద్యనాటకాలకు కిరీటాలు, గదలు, రబ్బరు పాములు, కోరలున్న ముఖాలు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. అంతకుముందు లారీల వెనక బొమ్మలు వేసేవాడు. ఆ బుద్ధి పోలేదు. ఏది చెడినా రంగేసి చూస్తాడు. వానకు తడిసి ఇంటి గోడ ఉబ్బితే దాని మీద తామరపువ్వు గీశాడు. ఆయన భార్య సుబ్బరావమ్మ ఇప్పటికీ ఆ తామరపువ్వు కింద గిన్నె పెట్టి నీళ్లు పడుతోంది. నల్లరంగు జుట్టుకు వేసుకునేవాళ్లను చూశాం. ఈయన బట్టతలకే పూసుకుంటాడు. చెమట పట్టినప్పుడు చూడాలి ఆ అందం.

నా పేరు బుడే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోస్తాను. నా కాళ్లు బాగుంటేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తిరునాళ్లప్పుడు మాత్రం దుర్యోధనుడి వేషం కడతాను. భీముడు కోటేష్, ఎరువుల కొట్టు ఆసామి. నాటకం ఖర్చు ఆయనది కాబట్టి భీముడు కూడా ఆయనే, పద్యానికి నోరు తిరగకపోయినా సరే. ఆ పాత్రకు ఆయనలో సరిపోయింది పొట్ట ఒక్కటే. చివర్లో ఆయన గదతో నా తొడ మీద కొడతాడు. గద రబ్బరుది, లోపల స్పాంజి. ఎంత గట్టిగా కొట్టినా మెత్తగా వంగిపోతుంది. ఆ నమ్మకంతోనే తొడ చాపేవాణ్ని.

చెన్నై నుంచి ఆ గద కొనితెచ్చినప్పుడు, అమ్మినవాడు ఒక సీసాడు రబ్బరు పాలు కూడా ఇచ్చాడట. గీత పడినా బుడగ లేచినా ఆ పాలు పూసి, ఆరాక పౌడరు అద్దమన్నాడట. రంగు కూడా అందులోనే కలిపి వేస్తే గదతోపాటు సాగుతుందని చెప్పాడట. కంపు కొడుతోందని మనవాడు ఆ సీసా కాలవలో పారబోశాడు. గద పగుళ్లిచ్చాక, పక్కనున్న కార్ల షెడ్డు నుంచి లప్పం తెచ్చి వాటిలో కూరాడు. గరుకు కాగితంతో రుద్ది, ఇనప గేట్లకు వేసే బంగారు రంగు కొట్టాడు. కొట్లో అద్దాల బీరువాలో గద ధగధగలాడింది. స్టేజి ఎక్కాక ఒక్క దెబ్బకే పెచ్చులు లేచి నా మీసాల మీద రాలాయి.

"భీముడికి చుండ్రు పట్టిందిరోయ్!" అని జనంలోంచి ఎవడో అరిచాడు.

ఇది నిరుటి సంగతి. బుద్ధున్నవాడైతే లప్పం మానేసేవాడు. అంకమ్మరావు ఏడాదంతా ఆలోచించి తప్పంతా రబ్బరుదేనని తేల్చాడు.

"వంగబట్టే కదరా పగులుతోంది! ఈసారి పగిలితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు, నేను కొట్టుకెళ్లినప్పుడు.

"మెత్తగానే ఉందా రావుగారూ? తొడ నాదండీ," అన్నాను.

"వేషగాడివి వేషం వెయ్యి. సామాను సంగతి నాకొదిలెయ్."

ఈసారి నాటకం వినుకొండ దగ్గర ఒక ఊళ్లో. మెరుపు పోతుందని గదను గుడ్డలో చుట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, తెర పక్కన నేరుగా కోటేష్ చేతికిచ్చాడు అంకమ్మరావు. ఆ మహానుభావుడు గదకు గాటు పెట్టి, స్పాంజి మొత్తం లాగేసి, లోపల ప్లాస్టర్ పోసి, పైన పొర మీద పొర లప్పం పట్టించాడని నాకు తర్వాత తెలిసింది. కోటేష్‌కు బరువు అప్పుడే తెలిసింది. తెలిసి, అసలైన గదలా ఉందని సంబరపడ్డాడు. ఇద్దరి బుర్రలూ కలిపి తూచినా బంగారం కొట్టు తక్కెడ చాలు.

యుద్ధం మొదలైంది. మొదటి దెబ్బ నా గద మీద పడగానే చెయ్యి భుజం దాకా జివ్వుమంది. నాకు అర్థమైపోయింది.

"కోటేష్ గారూ, కొట్టకండి. అది రబ్బరు కాదు," అన్నాను గొంతు తగ్గించి.

ఆయన పద్యంలో ఉన్నాడు. ఏడాదికోసారి దొరికే పద్యం, నా మాట వింటాడా? రాగం సాగదీసి సాగదీసి, గదను రెండు చేతులా ఎత్తి నా తొడ మీద వేశాడు. లోపల కట్టె విరిగినట్టు చప్పుడైంది. నేను పెట్టిన కేక పత్తి చేల దాకా వినబడి ఉంటుంది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. అంతటి దుర్యోధనుణ్ని జన్మలో చూళ్లేదట. "వన్స్ మోర్!" అన్నారు. ఆ మాట కోసమే పుట్టిన కోటేష్ మళ్లీ గద ఎత్తాడు. హార్మోనియం వాయించే బాలు పెట్టె వదిలేసి ఉరికొచ్చి ఆయన నడుం పట్టుకోకపోతే నా రెండో కాలు కూడా పోయేది.

మర్నాడు గుంటూరు ఆస్పత్రిలో, కాలికి పెద్ద కట్టుతో పడుకుని ఉన్నాను. యార్డులో సీజను ముమ్మరంగా ఉంది. ఎముక అతుక్కున్నా మళ్లీ బరువులు ఎత్తగలనో లేదో చెప్పలేమని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు. మా ఆవిడ జానీబీ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. అంకమ్మరావు వచ్చాడు. పండ్లు తెస్తాడనుకుంటే గద తెచ్చాడు.

"చూశావా! అంత దెబ్బకీ ఒక్క పెచ్చు లేవలేదు," అన్నాడు, దాన్ని నా ముఖం ముందు తిప్పుతూ.

ఇలాంటివాడి మీద కోపం కూడా దండగ అనిపించింది. అసహ్యం వేసి ముఖం తిప్పుకున్నాను. జానీబీ కళ్లు తుడుచుకుని లేచి, కవరులోంచి నా కాలి ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టింది.

"ఇది చూడండి. మీ పనితనం ఇదీ," అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి శ్రద్ధగా చూశాడు. ఎముక విరిగినచోట గోటితో గీరి కూడా చూశాడు.

"ఇదా! ఇది లోపలిదేగా అమ్మా," అన్నాడు తేలిగ్గా. "కట్టు విప్పాక పైకి ఏమీ కనపడదు."