టేపక్క తుడిచిన గోడ

తెల్లవారి స్నానం కాగానే టేపక్క ముందు స్నానాల గది గోడ తుడిచేది. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం కూడా ఆ తరవాతే. తలుపు పక్కన, నడుమెత్తున, అరచెయ్యంత మేర తడిగుడ్డతో గట్టిగా రుద్ది, ఒకసారి వంగి చూసుకుని బయటికి వచ్చేది. "మా అత్తయ్యకి శుభ్రమంటే ప్రాణం" అని కోడలు ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకునేది. ఆ పిల్ల మనసు వెన్న. ఆ గుడ్డతో అత్తగారు రోజూ చెరిపేది సాక్ష్యమని భగవంతుడికొక్కడికే తెలుసు.

ముసలివాళ్లుండే ఇళ్లను వాళ్ల ఒంటికి తగ్గట్టు మార్పించే పని టేపక్కది. ముప్పై ఏళ్లుగా ఒకే కంట్రాక్టరు దగ్గర. జారే బండలు తీయించి గరుకువి వేయించడం, కాలికి తగిలే గడపలు చదును చేయించడం, మంచం మీంచి అందేట్టు స్విచ్చి దింపించడం, స్నానాల గదిలో పట్టుకునే కమ్మి పెట్టించడం. సంచిలో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది గనక అందరూ టేపక్క అనే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

కమ్మి ఎక్కడ పెట్టాలో ముసలివాళ్లను అడిగేది కాదు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పర్వాలేదమ్మా." అందుకని గోడనే అడిగేది. రోజూ చెయ్యి ఊనేచోట గోడ మాసి ఉంటుంది. ఆ మరక మీదే కమ్మి.

ఒక తాతగారు మాత్రం ససేమిరా అన్నాడు. "నాకేమమ్మా, రాయిలా ఉన్నాను."

"నాచు మీద రాయి కూడా జారుతుంది తాతగారూ" అంటూ ఆమె మరక చూపించింది.

"హమ్మా, నా గోడే నా గుట్టు బయటపెట్టిందన్నమాట!" అని ఆయన నవ్వేశాడు. ఆమె నోరెండిపోయి ఉందని కనిపెట్టి, వద్దంటున్నా తనే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

అలాంటి టేపక్కకి డెబ్బై దగ్గరపడుతుండగా ఒకరోజు తన స్నానాల గదిలోనే కాలు జారింది. గోడ ఆపింది గనక పడలేదు. ఆనాటి నుంచి చెయ్యి రోజూ అక్కడికే పోతోంది. కమ్మి ఒకటి పెట్టించుకోవడం ఆమెకెంత పని? కానీ కొడుకు ఎప్పుడో అన్నాడు: "అమ్మా, నీకే ఊతం కావలసినరోజు పని మానెయ్యాలి. మాటివ్వు." నవ్వుతూ ఇచ్చేసింది. పని మానేస్తే తానంటూ మిగలనని ఇప్పుడు ఆమె భయం.

ఆమె గీసిన గీతల మీద ఇన్నేళ్లూ కమ్మీలు బిగించిన మేస్త్రి, ఒకనాడు కారుతున్న కుళాయి బాగుచెయ్యడానికి వాళ్లింటికి వచ్చాడు. కుళాయి వైపు చూడనేలేదు. గోడంతా నీలం రంగు. తలుపు పక్కన మాత్రం అరచెయ్యంత మేర రంగు లేచిపోయి, అడుగు సున్నం తెల్లగా పళ్లికిలిస్తోంది. మరక కనపడకూడదని తుడిచి తుడిచి, అంతకన్నా బాగా కనపడే మరకను టేపక్కే తయారుచేసుకుంది.

కోడలు గుమ్మంలోంచి తొంగిచూసి, "చూశారా మేస్త్రిగారూ, మా అత్తయ్య శుభ్రం!" అంది.

"చూశానమ్మా. ఇంత శుభ్రం నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు ఆ పుణ్యాత్ముడు. కోడలు వంటింట్లోకి వెళ్లేదాకా కుళాయి తిప్పుతూ కూర్చుని, అప్పుడు పక్కనే నిలబడ్డ టేపక్కని గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నాళ్లుగా అక్కా?"

"ఏంటి ఎన్నాళ్లు? నీ పని నువ్వు చూసుకో."

"నా పనే ఇది. నేర్పింది నువ్వే. పెన్సిలివ్వనా, గీత నువ్వే గీస్తావా?"

టేపక్క వంటింటి వైపు ఓసారి చూసింది. "ఆర్నెల్లయింది" అంది చివరికి. "కమ్మి పెట్టిస్తే పని పోతుంది తమ్ముడూ. వాడికి మాటిచ్చాను."

"పెట్టించకపోతే నడుమే పోతుంది. మంచం మీంచి కొలతలు తీస్తావా?"

కోపం రావలసింది, నవ్వొచ్చింది. పెన్సిలు అందుకుని, టేపు చూసుకోకుండానే, తెల్లమచ్చ నడిమధ్య గీత గీసింది. గీత చక్కగా వచ్చింది.

"వాడితో నేనే చెబుతాను. సాయంత్రం వాడు వచ్చేదాకా ఉండు తమ్ముడూ, వెళ్లిపోకు. కమ్మి పట్టుకుని లేచిన మనిషి ఇంకో నాలుగేళ్లు పనికి రాగలదని నువ్వూ ఓ మాట సాయం చెయ్యి. నేనంటే నా స్వార్థమంటాడు."