పెట్టెకు పూసిన గంధం

మూకండపల్లిలో బ్రేకు విడిభాగాలు పోతపోసే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది. సుబ్బక్క పని అక్కడ తనిఖీ బల్ల దగ్గర. బెల్టు మీద వచ్చే ముక్కను తిప్పి చూసి, పగులుంటే పక్కన పడేసేది. ఆమెతో పాటు ఇంకా ముగ్గురు ఆడవాళ్లు ఉండేవాళ్లు. బెల్టు పైన కెమెరా, దాని పక్కన టిఫిన్ డబ్బా అంత కంప్యూటర్ వచ్చాక, ముక్క మంచిదో కాదో ఆ పెట్టే తేల్చేది. ఆ ముగ్గురూ పని వెతుక్కుంటూ సూళగిరి వైపు పోయారు. పెట్టె పొరబడితే చూడటానికి సుబ్బక్కను మాత్రం ఉంచారు. ఆమె దానికి వీపు తిప్పి కూర్చుని అన్నం తినేది.

ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టాక, సూపర్‌వైజర్ నాగేశప్ప కుంకుమ పళ్లెం ఆమె చేతికిచ్చి పెట్టెకూ పెట్టమన్నాడు. సుబ్బక్క పళ్లెం కింద పెట్టేసింది.

"నా తోటోళ్ల కూడు తినిందానికి నేను బొట్టు పెట్టనప్పా. నువ్వే పెట్టుకో."

అందరి ముందూ నాగేశప్ప ముఖం మాడింది. పంతానికి తనే చిక్కగా గంధం కలిపి పెట్టె నిండా మెత్తాడు. పైన బంతిపూల దండ చుట్టాడు.

సెలవు ముగిసి బెల్టు నడిచిన కాసేపటికే పెట్టె ఆగిపోయింది. లైను నిలిచింది. నాగేశప్ప నేరుగా మేనేజరు దగ్గరికి పోయి, సుబ్బక్కే ఏదో చేసి ఉంటుందని, దాని మీద ఆమెకున్న పగ అందరికీ తెలిసిందేనని చెప్పాడు. అది నిజమని తేలితే పని పోతుందని మేనేజరు ఆమెను పిలిచి చెప్పాడు. నాగేశప్ప గంధం మెత్తడం చూసినవాళ్లు ఒక్కరూ ఆ సంగతి చెప్పలేదు.

పెట్టెను అమర్చిన ఇంజనీరు వినుత వచ్చి దండ తీసింది. దానికి ఫ్యాను లేదు. పైన దువ్వెన పళ్లలా ఉన్న సందుల గుండానే వేడి బయటికి పోవాలి. ఆ సందుల్లో గంధం గట్టిగా ఎండిపోయి ఉంది. ఎవరు పూశారని వినుత అడిగితే అందరి చూపూ నాగేశప్ప మీదికి పోయింది.

తప్పు తనదని అతను ఒప్పుకోలేదు. బ్రష్షు తెచ్చి సుబ్బక్క ముందు పడేశాడు.

"నీకిప్పుడు వేరే పనేముంది? దినామూ దీన్ని తుడువు."

"పూసినోడివి నువ్వు, తుడిచేదీ నువ్వే. నన్ను ప్యాకింగుకు పంపు, లేదంటే ఇంటికి పంపు. దాని ఒళ్లు నేను తోమను."

ప్యాకింగుకే పంపాడు. అక్కడ కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. ఆమె నిలబడే అట్టపెట్టెలు మడుస్తూ, నాగేశప్ప వంగి ఆ సందులన్నీ గోకి ముగించేదాకా అతని మీంచి చూపు తిప్పలేదు.