గ్రూపులో ఆయనొక్కరే

తోటపల్లి గూడూరు దగ్గర మాకో రొయ్యల గుంట ఉంది. నీళ్లకు గాలినిచ్చే ఫ్యాన్లను పోయిన వేసవిలో ఒక కంపెనీ నెలవారీ చందా మీద బిగించింది. "ఏ ఇబ్బందొచ్చినా ఇందులో పెట్టండన్నా" అంటూ ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు.

ఒకరోజు తెల్లారేసరికి ఫ్యాన్లు ఆగిపోయి, రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. మా ఆయన గట్టు మీదే నిలబడి మెసేజ్ మీద మెసేజ్ పెట్టారు.

"వేరే మెకానిక్‌ని పిలుద్దామయ్యా" అన్నాను.

"నెలనెలా కడతా ఉండాం గదా, వాళ్లే వస్తార్లే" అన్నారు.

ఎండెక్కేసరికి ఒక్క రొయ్యా బతకలేదు.

ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చినతను తలొంచుకున్నాడు. "బిగించడం అయిపోగానే మేమంతా గ్రూపులోంచి వెళ్లిపోతామక్కా. ఫ్యాన్లు అమ్మేసిపోయే రోజుల్నుంచీ అదే అలవాటు. చందాలొచ్చినా మారలేదు."

మా ఆయన ఇప్పటికీ ఆ గ్రూపు తీసేయలేదు. అందులో ఆయన చివరి మెసేజ్ అలాగే ఉంది: "బాబూ, వస్తా ఉండారా?"